కత్తిరి ఎండలో హీటర్ వేసిందెవరు?

"నా బండి ఉడకదు సార్. నన్ను కొట్టి చంపినా ఇదే చెప్తా. నా చేతిలో ఉండంగా ఆ బండి ఒక్క తూరి కూడా ఉడికింది లేదు."

వేలూరు స్టేషను లాకప్ ఊచలు పట్టుకుని ఆ మాట అంటున్నవాడు తంగవేలు. గుడియాత్తంలో బిల్డింగ్ కంట్రాక్టరుగా పేరున్న రంగరాజులు దగ్గర డ్రైవరు. పై పెదవి చిట్లిపోయి ఉంది. ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. నిన్న సాయంత్రం నుంచి పోలీసులు వాణ్ణి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నారు: మీ మొదలాళి రంగరాజులు శవాన్ని ఎక్కడ పూడ్చావు?

ఊచల ఇవతల నిలబడ్డ బలరామయ్యకు కావలసింది శవం కాదు, మనిషి. అదీ ప్రాణంతో ఉన్న మనిషి.

రంగరాజులుకు చక్కెర జబ్బు. ఇన్సులిన్ ఇంజక్షన్ పొద్దునొకటి, సాయంత్రం ఒకటి పడాలి. నిన్న పొద్దున మాయమైన దగ్గరనుంచి ఒక్కటీ పడలేదు. "ఈ సాయంత్రం దాటితే మత్తులోకి జారిపోతాడమ్మా, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు" అని డాక్టరు ఆయన భార్య సరసమ్మకు మొహం మీదే చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటినుంచి ఆవిడ ఐసు ముక్కలు నింపిన ఫ్లాస్కులో మందు సీసా, సూది పెట్టుకుని తిరుగుతోంది. ఐసు కరిగినప్పుడల్లా సోడా కొట్టుకు పరిగెత్తి మళ్ళీ నింపుకొస్తోంది. ఇప్పుడు స్టేషను వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది.

ఆవిడే బలరామయ్యను పెట్టుకుంది. ఇన్సూరెన్సు కంపెనీలకు మోటారు సర్వేయరుగా పనిచేసి, విసిగి, కాట్పాడిలో మందుల షాపు మేడ మీద డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి ఆయన. గుద్దుకున్న బండ్లు, తగలబడ్డ బండ్లు వేలకు వేలు చూసినవాడు.

"మళ్ళా మొదట్నించి చెప్పు నాయనా," అన్నాడు.

"పొద్దున ఎనిమిదికి ఇంటి కాడ బయల్దేరినాం సార్. ఊరు దాటినాక టీకొట్టు ఉండాది, ఆడ ఆపమన్నాడు మొదలాళి. సూది మందు పెట్టె ఇంట్లో మర్చిపోయినా, బస్సులో పోయి తీసుకొనిరా పో అన్నాడు. బండిలో పోయొస్తా అంటే ఇల్లె, వద్దు, బండి ఈడే ఉండనీ, నాకు ఒకరితో మాట్లాడే పని ఉండాది అన్నాడు. నేను పోయినా. అమ్మ చేతిలోంచి పెట్టె తీసుకున్నా. తిరిగొచ్చి చూస్తే బండీ లేదు, మొదలాళీ లేడు."

"ఎవరితో మాట్లాడాలని చెప్పలేదా?"

"చెప్పలే సార్. మొహం మాత్రం బాగలేదు. బయటోళ్ళ మీద కోపమైతే ఆయన గట్టిగా అరిచేస్తాడు. నిన్న అరవలే. నోరు మూసుకొని కూర్చునె."

"పోదుం, పోదుం!" అంటూ వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. ఇక చాల్లే అని దాని అర్థం. ఇన్‌స్పెక్టర్ సురేంద్రన్. వేలూరులో పుట్టి పెరిగిన తమిళుడు, తెలుగు మనకు తీసిపోకుండా మాట్లాడతాడు. తెలివైనవాడే, కాదనలేం. కానీ ఒకసారి కోర్టులో బలరామయ్య సాక్ష్యంతో అతని కేసు ఒకటి కొట్టుకుపోయింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

"సర్వేయర్ గారూ, ఇది క్లెయిమ్ కాదు, కొలై కేసు. హత్య! బండి పళ్ళికొండ దాటినాక రోడ్డు పక్కన దొరికింది. బానెట్ ఎత్తి ఉండాది. రేడియేటర్‌లో చుక్క నీళ్ళు లేవు. వీడు నీళ్ళు చూసుకోకుండా తోలినాడు, ఇంజన్ ఉడికింది. హాస్టల్ స్లాబు కూలిన కేసులో మొదలాళి వేలూరొచ్చి సాక్ష్యం చెప్పాల. టైమైపోతా ఉండాదని తిట్టినాడు, కొట్టినాడు. వీడు జాక్ రాడ్ తీసినాడు. వెనక సీటు మీద రక్తం ఉండాది. ఇంకేం కావాల మీకు?"

"ఎనిమిదిన్నరకు తంగవేలు ఇంటికొచ్చి పెట్టె తీసుకున్నాడని సరసమ్మ చెప్తా ఉండాది. అరగంటలో పళ్ళికొండకు పోయి, మనిషిని చంపి, పూడ్చి, బస్సెక్కి గుడియాత్తం వచ్చేస్తాడా?"

"నిన్న పొద్దున గుడియాత్తంలో కరెంటు లేదు, ఇంట్లో కరెంటు గడియారం ఆగిపోయి ఉండాది. ఏ గడియారం చూసి చెప్పిందంట ఆ అమ్మ? పదిన్నరై ఉంటాది."

"బస్సు కండక్టర్ని అడిగినారా?"

"అడుగుతాం."

"ఎప్పుడు? ఆయన చచ్చినాకనా?"

సురేంద్రన్ మొహం జేవురించింది. "చచ్చే పోయినాడయ్యా! మీరు ఆ అమ్మకు ఆశ పెట్టి తిప్పతా ఉండారు. పాపం కదా?"

ఆ మాట బలరామయ్యకు ముల్లులా దిగింది. నిజంగానే ఆశ పెట్టి తిప్పుతున్నానా అని ఆయనకూ అనుమానం వచ్చింది. కానీ చేతులు కట్టుకు కూర్చుంటే మాత్రం ఏమొస్తుంది? "బండి చూస్తా. చూడనిస్తారా, కోర్టుకు పోయి అడగమంటారా?" అన్నాడు.

"చూసుకోండి. కడిగి పెట్టండి కావాలంటే," అన్నాడు సురేంద్రన్ నవ్వుతూ.

స్టేషను వెనక పెరట్లో ఉంది బండి. ఎప్పుడో ఎంబసీ వాళ్ళు వాడి వదిలేస్తే మదరాసు వేలంలో కొన్న విదేశీ జీపు. ఏడాదికో కొత్త కారు రోడ్డెక్కుతున్న ఈ రోజుల్లో కూడా రంగరాజులు దీంట్లోనే తిరుగుతున్నాడు. నడివేసవి కత్తిరి ఎండ నిప్పులు చెరుగుతోంది. రేకు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

బలరామయ్య చొక్కా చేతులు మడిచాడు. హెడ్ కానిస్టేబుల్ ఆదిమూలం తోడుగా నిలబడ్డాడు.

ఇంజన్ ఉడికిందంటే ఊరికే ఉడకదు, దానికో కారణం ఉండాలి. ఆ కారణం దొరికితే బండి ఎక్కడ తిరిగిందో దొరుకుతుంది. బలరామయ్య దగ్గర మిగిలిన ఆశ అంతా అదే.

మొదట ఆయిల్ పుల్ల తీసి చూశాడు. ఇంజన్ తల దగ్గర గాస్కెట్ పోతే నీళ్ళు ఆయిల్‌లో కలిసి మజ్జిగలా తెల్లబడుతుంది. తెల్లబడలేదు. ఫ్యాను బెల్టు నొక్కి చూశాడు, బిగువుగా ఉంది. రబ్బరు గొట్టాలు తడిమాడు, పగుళ్ళు లేవు. వాటర్ పంపు దగ్గర చెమ్మ లేదు. ఆదిమూలం చేత బకెట్టుతో నీళ్ళు తెప్పించి రేడియేటర్ నింపి, కింద పడుకుని చూశాడు. చుక్క కారలేదు.

"అన్నా, ఏమన్నా తెలిసిందా?" సరసమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"చూస్తా ఉండానమ్మా."

ఏం చూస్తున్నాడు, తలకాయ! అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ బాగున్న బండి ఉడకడమేమిటి? ప్రహరీ నీడ పెరటి సగం దాకా పాకింది. సాయంత్రం ఎంతో దూరంలో లేదు. విసుగుతో బకెట్టును కాలితో తన్నితే దొర్లుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది. ఆదిమూలం తల తిప్పుకున్నాడు.

అప్పుడు తట్టింది. నీళ్ళు కారలేదంటే ఆవిరైపోయాయి. నీళ్ళుండి కూడా చల్లబడలేదంటే గాలి తగల్లేదు. అయ్యో, ఇంతసేపూ పైనా కిందా చూశాడే గాని ముందు వైపు చూశాడా!

మోకాళ్ళ మీద కూర్చుని ముందు జాలీలోంచి టార్చి వేశాడు. రేడియేటర్ రేకులు కనపడలేదు. దుప్పటి కప్పినట్టు దట్టంగా ఏదో పేరుకుపోయి ఉంది. చీపురు పుల్లతో లాగితే మెత్తగా ఊడి వచ్చింది. పీచు. ఎరుపు, పచ్చ, నీలం కలిసిన నూలు పీచు.

"రోడ్డు మీద చెత్త పట్టుకొనుంటాది సార్," అన్నాడు ఆదిమూలం.

"రోడ్డు మీద ఇంత రంగు నూలు యాడుంటాదప్పా? బండిని ఏదో మగ్గాల షెడ్డు లోపలికి తోలినారు. ఇంజన్ ఆపకుండా చాలాసేపు నిలబెట్టినారు. ఫ్యాను గాలితో పాటు ఈ పీచంతా లాక్కునింది. మనిషిని దింపి లోపలికి మోసేదానికి పట్టే టైము ఉంటాది చూడు, అంతసేపు. ఆ తర్వాత రోడ్డెక్కితే పళ్ళికొండ దాటంగానే ఉడికింది."

గుడియాత్తంలో లుంగీలు నేసే షెడ్లు వీధికి పది. ఏ షెడ్డు? ఒక్కొక్కటీ వెతుకుతూ పోతే తెల్లారుతుంది. షెడ్డు కంటే ముందు మనిషి తెలియాలి. బలరామయ్య జీపు తలుపు తీసి లోపలికి వంగాడు.

స్టీరింగు కింద రెండు మీటలు ఉన్నాయి. ఒకటి కొసదాకా, ఎర్ర గుర్తు మీదికి లాగి ఉంది. దాని పక్కనే చిన్న ఫ్యాను స్విచ్చి, అదీ వేసే ఉంది. తాళం తిప్పి చూస్తే బ్యాటరీలో ప్రాణం లేదు. ఆ ఫ్యాను తిరిగి తిరిగి బ్యాటరీని తాగేసింది.

"ఇది మీవాళ్ళెవరన్నా ముట్టుకున్నారా?"

"ఇల్లె సార్. వేలిముద్రలు తీసినోళ్ళను తప్ప ఇన్‌స్పెక్టర్ ఎవర్నీ లోపలికి ఎక్కనీలేదు. అదేంది సార్?"

"హీటర్. చలిదేశం బండి కదా."

"ఈ ఎండలోనా?" ఆదిమూలం నోరు తెరిచాడు.

"ఎండలోనే వేస్తారు, సంగతి తెలిసినోళ్ళు. ఇంజన్ ఉడకతా ఉంటే హీటర్ పూరా తెరిస్తే ఆ వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తాది. మనం ఉడికిపోయినా ఇంజన్ బతుకుతాది." చెబుతూనే ఆయన లాకప్ వైపు పరుగు తీశాడు. "తంగవేలూ! ఆ హీటర్ నువ్వేసినావా?"

తంగవేలు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "హీటరా? దాన్ని నేనెందుకేస్తా సార్? అది పని చెయ్యదు. పోయినేడు బండి మా చేతికి వచ్చిన వారానికే గొట్టం పగిలి మొదలాళి కాళ్ళ మీద వేడి నీళ్ళు పడినాయి. గుడియాత్తంలో హీటర్ ఎవడికి కావాలని నేనే ఆ రెండు గొట్టాలూ కోసేసి ఒకదాన్లో ఒకటి దూర్చేసినా. నీళ్ళు హీటర్ దాకా పోవు. మొదలాళికీ తెలుసు."

"నీకూ ఆయనకూ తప్ప ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు సార్. చెప్పుకునే సంగతా అది?"

బలరామయ్య ఊచలు పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. నిన్న ఆ బండి తోలినవాడికి హీటర్ ఉందని తెలుసు. ఉడికినప్పుడు అది ఆదుకుంటుందనీ తెలుసు. పోయినేడే దాన్ని కోసేశారన్న సంగతి మాత్రం తెలియదు. అంటే అంతకు ముందు ఈ బండి తోలినవాడు.

వరండాలోకి వచ్చి సరసమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, ఈ బండి మీ ఇంటికి రాకముందు ఎవరి దగ్గరుండేది?"

"మా తమ్ముడి దగ్గరన్నా. సుబ్రమణి. కోతగిరిలో బంగళాలు కట్టే పని చూసుకునేటప్పుడు మదరాసులో వాడే కొన్నాడు. ఆ కొండ మీద చలికి హీటర్ లేకుంటే చచ్చిపోయుందునక్కా అనేవాడు. పని ముగిసినాక పోయినేడు బావకిచ్చేసినాడు." ఆవిడ గొంతులో ఏ అనుమానమూ లేదు. "ఎందుకడగతా ఉండావన్నా?"

"ఆ కూలిన హాస్టలు స్లాబు పని ఎవరు చూసుకున్నారు?"

"వాడే. బావకు ఒంట్లో బాగలేదని అంతా వాడే దగ్గరుండి పోయించినాడు." అంటూనే ఆవిడ ఆగిపోయింది. బావ చెప్పబోయే సాక్ష్యం ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆవిడకూ తట్టింది. "లేదన్నా. అట్లా అనుకోవద్దు. వాడు నిన్నంతా తిరుపత్తూరులో కమ్మీల కొట్లో ఉన్నాడు. వాణ్ణి నేను ఎత్తుకొని అన్నం పెట్టి పెంచినా."

బలరామయ్య గుప్పెట విప్పి పీచు చూపించాడు. "ఇట్లాంటి పీచు ఉండే షెడ్డు, మీవాళ్ళు తాళం తీసుకోగలిగింది ఏదన్నా ఉండాదా?"

సరసమ్మ ఆ రంగుల పీచును వేళ్ళతో తీసుకుని చూసింది. "కల్యాణ మండపం కట్టాలని పాత లుంగీ షెడ్డు ఒకటి తీసుకున్నాం. పడగొట్టాల. తాళం సుబ్రమణి దగ్గరే ఉండాది," అంది. చివరి మాట పైకి వినపడలేదు.

బలరామయ్య ఇన్‌స్పెక్టర్ గదిలోకి దూసుకుపోయాడు. "జీపు ఇవ్వండి. ఇద్దరు కానిస్టేబుళ్ళను పంపండి. ఆయన యాడుండాడో తెలిసింది."

సురేంద్రన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "హీటర్ చెప్పిందా? ఇందాక కిటికీలోంచి వింటానే ఉన్నాలే. నవ్వు ఆపుకోలేక గుడియాత్తం ఇంటికి ఫోన్ కూడా చేసినా. మీరు పెట్టుకున్న డిటెక్టివ్ బండికి పీచు ఏరుకుంటా ఉండాడు, కత్తిరి ఎండలో హీటర్ ఎవరేసినారని అడగతా ఉండాడు, అని చెప్పినా."

"ఎవరితో చెప్పినారు?"

"ఇంట్లో ఎవరుంటారు? ఆ అమ్మ తమ్ముడు."

బలరామయ్య బల్ల మీది ఫోను అతని ముందుకు జరిపాడు. "వాడేమన్నాడు?"

"ఏమీ అనలే. పెట్టేసినాడు."

"మళ్ళా చెయ్యండి."

ఆ గొంతుకు సురేంద్రన్ ఎందుకో ఎదురు చెప్పలేదు. డయల్ తిప్పాడు. అవతల మోగుతూనే ఉంది. మోగి మోగి ఆగిపోయింది. అతని మొహంలో నవ్వు సన్నగిల్లింది గాని పంతం చావలేదు. "బయటికి పోయుంటాడు. దానికి జీపెందుకు? నాకు ఈ పూట తంగవేలు వాంగ్మూలం కావాల. మీరు పోండి."

ఇంకో మాట మాట్లాడితే కొట్టేస్తానేమో అని భయపడి బలరామయ్య బయటికొచ్చేశాడు. రోడ్డు మీద టాక్సీకి అడ్డంగా నిలబడ్డాడు. సరసమ్మ ఫ్లాస్కు పట్టుకుని అప్పటికే వెనక ఎక్కేసింది.

"మీరొద్దమ్మా. ఆ మందు నాకివ్వండి."

"సూది ఎయ్యడం నీకు తెలుసునా?"

తెలియదు. బండి కదిలింది.

దారి పొడుగునా ఆవిడ ఒక్కటే మాట. "వాడట్లా చెయ్యడన్నా. మా వాడు చీమను కూడా తొక్కడు." బలరామయ్య డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి తొందరపెడుతూనే ఉన్నాడు. సురేంద్రన్ చేసిన ఫోను సుబ్రమణికి ముప్పావుగంట వ్యవధి ఇచ్చింది. ముప్పావుగంటలో ఏమైనా చెయ్యొచ్చు.

షెడ్డు తలుపుకు తాళం లేదు, ఓరగా తెరిచి ఉంది. అడుగు పెట్టగానే కిరసనాయిలు వాసన గుప్పున కొట్టింది. నేల మీద, విరిగిన మగ్గాల మీద, మోకాలెత్తున రంగు పీచు గుట్టలు. తడిసి ముద్దయి ఉన్నాయి. ఒక మూల ఖాళీ డబ్బా పడి ఉంది. అంతా పోశాడు, అంటించడానికి చెయ్యి రాలేదు, టాక్సీ చప్పుడు విని పారిపోయి ఉంటాడు అనుకున్నాడు బలరామయ్య.

"అన్నా! ఈడుండాడు!"

చివరి మగ్గం వెనక, నూలు తాడుతో చేతులు కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కేసిన రంగరాజులు పడి ఉన్నాడు. తల మీద రక్తం ఎండిపోయి ఉంది. బలరామయ్య గుడ్డ లాగేస్తే నోట్లోంచి, చక్కెర ముదిరినవాళ్ళకు వచ్చే మాగిపోయిన పండు వాసన కొట్టింది. ఊపిరి పెద్దపెద్దగా తీస్తున్నాడు. ప్రాణం ఉంది! బలరామయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

"డాక్టర్ని తీసుకొనిరా అప్పా, పరిగెత్తు!" అని టాక్సీ డ్రైవర్ని తరిమాడు. బండి వెళ్ళిన చప్పుడైంది. సరసమ్మ ఫ్లాస్కులోంచి సీసా, సూది బయటికి తీసింది. మందు లాగింది, కడుపు మీద చర్మం పట్టుకుని గుచ్చింది. "ఏమండీ, నేనొచ్చినా. చూడండి నన్ను," అంటూ తడి గుడ్డతో మొహం తుడిచింది. బలరామయ్య ఆయన చేతుల కట్లు విప్పడానికి వంగాడు.

వాళ్ళ వెనకాల, లోపలికి వచ్చిన తలుపు మూసుకుంది. బయటినుంచి గొళ్ళెం పడింది.

బలరామయ్య ఒక్క దూకులో తలుపు దగ్గరికి వెళ్ళి భుజంతో గుద్దాడు. పాతకాలపు టేకు తలుపు, కదల్లేదు. గోడలకు కిటికీలు ఎత్తులో ఉన్నాయి, ఇనప కమ్మీలతో. బయట తలుపు కింద ఏదో ద్రవం పోస్తున్న చప్పుడు వినపడింది.

"ఒరే సుబ్రమణీ!" సరసమ్మ అరిచింది. "నేనురా, అక్కను! లోపల నేనుండాను!"

పోస్తున్న చప్పుడు ఆగిపోయింది. తర్వాత తలుపుకు అవతల ఎవరో వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నారు.

"నువ్వెందుకొచ్చినావక్కా?" అన్నాడు సుబ్రమణి. "నిన్నెవరు రమ్మన్నారు?"

"తలుపు తియ్యరా నాయనా. ఏమైనా సరే, నేను చూసుకుంటా. బావతో నేను మాట్లాడతా. తియ్యి."

గొళ్ళెం మీద చెయ్యి పడ్డ చప్పుడైంది.

"బావ మేలుకున్నాడాక్కా? మాట్లాడతా ఉండాడా?"

బలరామయ్య రెండు చేతులూ ఊపి, వద్దు, లేదని చెప్పమని సైగ చేశాడు. సరసమ్మ ఆయన్ను చూడలేదు. మగ్గం వెనక మొగుడి కళ్ళు తెరుచుకున్నాయి, పెదవులు కదులుతున్నాయి. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"మేలుకున్నాడురా!" అంది, ఏడుస్తూ నవ్వుతూ. "కళ్ళు తెరిచినాడు! నీళ్ళడగతా ఉండాడు!"

గొళ్ళెం మీది చెయ్యి వెనక్కి పోయింది.

"నన్ను మన్నించక్కా," అన్నాడు సుబ్రమణి. అగ్గిపుల్ల గీసిన చప్పుడు ఇద్దరికీ వినపడింది.